నేను తాగని సిగరెట్టు

మొదటి పడవ

రోజూ ఏదో ఒకటి రాయమంది నర్సు షకీలా. రాసింది ఎవరు చదువుతారని అడిగాను. ఎవరూ చదవరట. రాస్తే మోసేవాళ్లకి బరువు తగ్గుతుందట. అంటే మోయాల్సిందీ నేనే, తగ్గించుకోవాల్సిందీ నేనే. సరే, రాస్తున్నాను. నా పేరు నూకరత్నం. అడుగుపేట రెండో వీధిలో చివరి ఇల్లు. పని నాచు కోత. మొగుడు గౌరినాయుడు, పంపు హౌసులో చేస్తాడు. సిగరెట్లు మానుతున్నది అతను. పుస్తకం మాత్రం నాకిచ్చారు.

మా పేట సముద్రం అడుగున ఉంది. ఇక్కడ నెలలు లేవు, పడవలే. సరుకుల పడవ పైనుంచి దిగిందంటే ఇంకో నెల అయినట్టు. పీల్చే గాలి కూడా పైనుంచే గొట్టాల్లో వస్తుంది, అందరికీ కలిపి ఒక్కటే గాలి. నిప్పంటుకుంటే పరిగెత్తడానికి బయట అనేది లేదు. మూడో వీధి అలాగే పోయింది. ఇప్పుడు దాని తలుపు మీద ఇనపరేకు కొట్టి ఉంది, పిల్లలు అటు చూడకుండా నడుస్తారు.

అయినా గౌరినాయుడు తాగుతాడు. అతను ఒడ్డు మీద పుట్టినవాడు, అలవాటు అక్కణ్ణుంచే తెచ్చుకున్నాడు. పడవ కళాసీలు బూట్లలో దాచి తెస్తారు. ఇతను వంటింటి కాయిల్ మీద ముట్టించుకుని, గాలి పోయే కంత దగ్గర మూతి పెట్టి ఊదుతాడు. ప్రతి ఇంట్లోనూ ఆ కంతకి తెల్లగుడ్డ కడతాం. శుక్రవారం విప్పి, ఉతికి, గుమ్మం ముందు ఆరేస్తాం. గాలి మేస్త్రి వీధి వెంట నడుస్తూ గుడ్డలు చూసుకుంటూ పోతాడు. గుడ్డ తెల్లగా ఉంటే ఆ ఇల్లు మర్యాదైన ఇల్లు. సంబంధానికి వచ్చినవాళ్లు కూడా పిల్లకంటే ముందు గుడ్డనే చూస్తారు. ఉతికితే మసి పోతుంది గానీ పొగాకు పసుపు పోదు. పెళ్లయినప్పటి నుంచీ ఆ పసుపుని నేను నాచు బూడిదలో నానబెట్టి, రాయికేసి రుద్ది, వేళ్లు పగిలేదాకా పిండి, వీధిలో అందరికంటే తెల్లగా ఆరేస్తూ వచ్చాను. నూకరత్నం గుడ్డ చూసి నేర్చుకోండని మేస్త్రి పదిమందికీ చెప్పేవాడు.

కిందటి పడవకి నాకు జ్వరం వచ్చింది. గుడ్డ గౌరినాయుడు ఉతికాడు. ఉతికాడనడం కూడా ఎక్కువే, నీళ్లలో ముంచి తీశాడు. అది పసుపు గుడ్డలా మెరిసిపోతుంటే అలాగే గుమ్మానికి కట్టి పనికి పోయాడు. మధ్యాహ్నానికల్లా మేస్త్రి వచ్చాడు.

"నీవల్లే దొరికిపోనాం" అన్నాడు గౌరినాయుడు. జ్వరం నాకు రావడం వల్లట.

మొదటి తప్పుకి పంపకం, రెండో తప్పుకి పడవ. అదీ మా చట్టం. పడవ అంటే తాగినవాణ్ణి పైకి పంపించేయడం. పైన ఏముందో మాకు తెలుసు. ఎండ, గుడారాలు, నీళ్ల కోసం వరసలు. పంపకం అంటే ఇద్దరి చెవుల వెనకా చెరో బిళ్ల అతికిస్తారు. మానేవాడికి సిగరెట్టు మీద కోరిక పుట్టినప్పుడల్లా బిళ్ల దాన్ని రెండు పాళ్లు చేసి, సగం అతని దగ్గరే ఉంచి, సగం రెండో మనిషికి పంపుతుంది. ఒక్కడు మోయలేనిది ఇద్దరు మోస్తారని. పన్నెండు పడవలు మోయాలి. రెండో మనిషి ఇంటివాళ్లే అయి ఉండాలి. ఎవరు అనే ప్రశ్న ఆ గదిలో ఎవరికీ రాలేదు. పైగా నేను నిదానస్తురాలినని అందరూ మెచ్చుకున్నారు.

నిదానం నాకు నా పనే నేర్పింది. నాచు కోసేవాళ్లం వీపు మీద గాలిసంచి కట్టుకుని గోడ దాటి నీళ్లలోకి పోతాం. గుండె దడదడలాడితే సంచి తొందరగా ఖాళీ అవుతుంది. అందుకే మాకు కత్తి పట్టడం కంటే ముందు కంగారు పడకుండా ఉండటం నేర్పుతారు. సొరచేప పక్కనుంచి పోయినా గుండె తన నడక మార్చుకోకూడదు. నాకది పేటలో అందరికంటే బాగా వచ్చు. ఇంట్లో కూడా అదే పనికొస్తుంది.

రెండో పడవ

పొద్దున్నే గోడలు తుడవాలి. ఇక్కడ గోడలకి చెమట పడుతుంది, తుడవకపోతే అన్నం వేళకి మంచం కింద నీళ్లు నిలుస్తాయి. ఇవాళ సగం గోడ తుడిచి ఆగిపోయాను. ఏదో మర్చిపోయాను. కాయిల్ ఆపానా, ఆపాను. తలుపు వేశానా, వేశాను. చేతిలో గుడ్డ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఏం మర్చిపోయానో తెలియదు గానీ అది దొరికితే తప్ప ప్రాణం కుదుటపడేట్టు లేదు.

కాసేపటికి అదే తగ్గింది. అప్పుడు వెలిగింది. అది పంపు హౌసులో టీ తాగే వేళ. టీ తర్వాత గౌరినాయుడికి ఒకటి పడాలి.

అప్పట్నుంచీ దాని రాకపోకలు నాకు తెలుస్తూనే ఉన్నాయి. అన్నం తిన్నాక వస్తుంది. పని అయిపోయాక వస్తుంది. ఎవరైనా మాట అంటే వస్తుంది. ఊరికే కూర్చుంటే తప్పకుండా వస్తుంది. నోట్లో బెల్లం ముక్క వేసుకుంటే బెల్లం కరిగిపోతుంది, అది అక్కడే ఉంటుంది. మొన్న దాలమ్మ నా చేతివైపు చూసి మొహం తిప్పుకుంది. నా రెండు వేళ్లూ కాస్త విడివడి, బొటనవేలు కింద నుంచి తడుతోంది. లేని బూడిద రాలుస్తున్నాను.

దాలమ్మ ఎదురింటి ఆవిడ, నాకంటే పెద్దది. తమ్ముడి సగం మోస్తోంది. ఎప్పుడు చూసినా లవంగాలు నములుతుంది, పళ్లన్నీ నల్లబడ్డాయి.

మా ఇంట్లో మానుతున్నాయన సంగతి రాయాలి. దగ్గుతాడు. గ్లాసులు విసురుతాడు. అన్నం ఉడకలేదన్నాడు, తర్వాత మెత్తగా ఉడికిందన్నాడు, ఆ తర్వాత అసలు ఎందుకు ఉడికిందన్నాడు. పంపుని తిడతాడు, పడవని తిడతాడు, బిళ్ల కనిపెట్టినవాణ్ణి వాడి అమ్మానాన్నలతో కలిపి తిడతాడు. మానుతున్న మనిషి కదా, ఓర్చుకోమని వీధంతా నాకు చెప్పి పోతున్నారు. నేనూ మానుతున్నానని ఎవరికీ తట్టలేదు. అసలు మొదలుపెడితే కదా మానడానికి.

నర్సు షకీలా గుంటూరు వైపు మనిషి. ఎలా ఉంది రత్నమ్మా అని అడిగింది. పర్లేదు అన్నాను. పర్లేదు అని రాసుకుంది.

నాలుగో పడవ

గౌరినాయుడికి నాలుకకి రుచి తిరిగొచ్చింది. చేపల పులుసులో చింతపండు వేస్తారని ఇన్నేళ్లకి కనిపెట్టాడు. ఇంత బాగా వండుతావని తెలీదే అన్నాడు. మెచ్చుకోలో, నేరమో అర్థం కాలేదు. దగ్గు పోయింది. ఒళ్లు చేశాడు. గ్లాసులన్నీ వాటి చోట ఉన్నాయి. హాయిగా గురక పెట్టి నిద్రపోతున్నాడు.

నాకు కల వస్తోంది. ఇసుక, గాలి, చివర కనపడనంత ఆకాశం. నేను ఒక పడవ చాటుకి ఒదిగి కూర్చుని, రెండు అరచేతులూ దొన్నెలా చేసి, అగ్గిపుల్ల గీస్తాను. నా జన్మలో అగ్గిపుల్ల చూడలేదు. ఒడ్డూ చూడలేదు, నేను అడుగుపేటలోనే పుట్టాను. అయినా కలలో గాలికి ఎటు తిరిగి కూర్చోవాలో తెలుసు, మొదటి దమ్ము ఎంతసేపు లోపల ఆపాలో తెలుసు. మొదటిసారి ఆ కల వచ్చినప్పుడు ఏడుపొచ్చింది. అంత ఆకాశం ఉంటుందని గౌరినాయుడు నాకెప్పుడూ చెప్పలేదు. నాకు చెప్పకుండా దాచుకున్నది కోరికతో పాటు జారి నా దగ్గరికి వచ్చేసిందనుకుంటాను. లేచాక మాత్రం పీడకలే. నోరంతా ఎండిపోయి, అది కావాలి, అది కావాలి, ఇంకేమీ వద్దు.

శుక్రవారం ఉతుకు రాళ్ల దగ్గర మోసేవాళ్లమంతా ఒకవైపు చేరాం. ఎవరూ చేరమనలేదు, అలా జరిగింది. అక్కలు, పెళ్లాలు, ఒక తల్లి. మగవాడు ఒక్కడున్నాడు, తండ్రి కోసం మోస్తున్న పిల్లాడు. అటువైపు రాళ్ల దగ్గర మాటలు, నవ్వులు. మావైపు గుడ్డల చప్పుడే. మా గుడ్డలు ఇప్పుడు వట్టి నీళ్లకే తెల్లబడుతున్నాయి, అది మాత్రం నిజం.

నర్సు అడిగింది. పర్లేదు అన్నాను.

ఆరో పడవ

మా గుమ్మం మీద రేకు బిళ్ల కొట్టారు. పొగ మానిన ఇల్లు అని నీలం అక్షరాలు. కొట్టిన మనిషికి నేను టీ పెట్టి ఇచ్చాను.

గౌరినాయుడు ఇప్పుడు పెద్దమనిషి. పడవ దిగిన ప్రతిసారీ కొత్తగా మానేవాళ్లకి సభ పెడతారు, అందులో మాట్లాడతాడు. మానేవాళ్లు ముందు వరసల్లో కూర్చుంటారు, మోసేవాళ్లం వెనక గోడ దగ్గర నిలబడతాం. అతను చెప్పేది ఎప్పుడూ ఒకటే. మనసు గట్టిగుండాలి, అంతే. మొదట్లో కష్టమే, పళ్లు బిగించి పట్టుకుంటే అదే లొంగుతుంది. నేను చెయ్యగా లేంది మీరు చెయ్యలేరా. చప్పట్లు. అతను ఎప్పుడు పళ్లు బిగించాడో నాకు గుర్తు లేదు. నా పళ్లు మాత్రం పొద్దున్న లేచేసరికి నొప్పి పెడుతున్నాయి.

నీళ్లలో జరిగింది కూడా రాస్తాను, ఎలాగూ ఎవరూ చదవరు కదా. దూరపు మడిలో నాచు కోస్తున్నాను. అది వచ్చింది. ఇదివరకు వచ్చినట్టు కాదు, కెరటంలా వచ్చి పడింది. దమ్ము కోరిక అంటే ఏమిటి, గట్టిగా లోపలికి పీల్చాలనే కదా. ఒళ్లంతా ఒక్కటే అంటోంది, పీల్చు, పొడుగ్గా పీల్చు, ఇంకా పీల్చు. నా గుండె తన నడక మార్చుకోలేదు. అది నేర్చుకున్న విద్య. రొమ్ము మాత్రం నా మాట వినలేదు. గోడ తలుపు దగ్గరికి వచ్చేసరికి సంచి చదునై వీపుకి అంటుకుపోయింది. తలుపు తీసిన మనిషి సంచి చూసి నావంక చూశాడు. చిల్లు పడిందన్నాను.

ఇది ఇలాగే సాగితే ఏదో ఒక రోజు తలుపు దాకా రాను. ఇంటికొచ్చి గౌరినాయుడికి చెబుదామనుకున్నాను. అద్దం ముందు నిలబడి సభలో చెప్పాల్సిన మాటలు వల్లిస్తున్నాడు. అడ్డం పడలేదు.

ఎనిమిదో పడవ

రెండోసారీ సంచి చదునైంది. ఈసారి చిల్లు అంటే ఎవరూ నమ్మరు. నర్సు దగ్గరికి నేనే వెళ్లాను, పర్లేదు అనకుండా జరిగింది చెప్పాను. ఆవిడ నా బిళ్ల మీద ఒక పరికరం ఆనించింది. దాని మీద ఒక ముల్లు ఉంది. సగం సగం పంచుకుంటే మధ్యలో నిలబడాలి. అది నావైపు చివరికంటా పడుకుని ఉంది.

షకీలా పరికరం పక్కన పెట్టింది. తర్వాత విడమరిచి చెప్పింది. బిళ్ల గుండెచప్పుడు వింటుంది, గొంతు వింటుంది. ఎవరి గుండె దడదడలాడితే, ఎవరు అరిస్తే, వాళ్లకి బరువు ఎక్కువైందనుకుని కాస్త అవతలివైపు జరుపుతుంది. గౌరినాయుడు గ్లాసు విసిరిన ప్రతిసారీ కొంచెం నావైపు వచ్చింది. నేను నోరు మూసుకుని, గుండె నిదానంగా ఉంచుకుని ఓర్చుకున్న ప్రతిసారీ ఈవిడ సుఖంగా ఉంది, ఇంకొంచెం మోయగలదు అనుకుంది. పేటలో అందరికంటే నిదానమైన గుండెని తెచ్చి పేటలో అందరికంటే పెద్ద గొంతుతో జత కట్టారు. బిళ్ల తప్పేం లేదు. దానికి వినపడిందే అది నమ్మింది. మనుషులు కూడా అంతే కదా.

"ఒక సంగతి ముందే చెప్పాల్సింది రత్నమ్మా" అంది షకీలా. "పన్నెండో పడవకి బిళ్లలు తీసేస్తాం. తీసేనాటికి ముల్లు ఎక్కడుంటే అది అక్కడే ఉండిపోతుంది. నీ దగ్గరున్నది నీదైపోతుంది."

అంటే గౌరినాయుడు జన్మంతా సిగరెట్టు ఊసు లేకుండా బతుకుతాడు. నేను అతని వయసంత పాత కోరికని మోస్తూ నీళ్లలోకి దిగుతాను. మరి నాకూ పంపకం పెట్టండి అన్నాను. కుదరదంది. తాగినట్టు రుజువు ఉన్నవాళ్లకే పంపకం.

రెండు దారులు చెప్పింది. గౌరినాయుడు వచ్చి ఒప్పుకుంటే ముల్లుని ఆవిడే మధ్యకి తిప్పుతుంది. లేదా నేను కోప్పడాలి, అరవాలి, గుండెని పరిగెత్తించాలి. బిళ్లే అతనివైపు జరుపుతుంది. ఇంటికి వచ్చి రెండో దారి ప్రయత్నించాను. ఖాళీ ఇంట్లో గోడ ముందు నిలబడి తిట్టాను. తిట్లు పుస్తకంలో పాఠంలా వచ్చాయి. గుండె మీద చెయ్యి పెట్టి చూసుకుంటే అది తన మానాన తను నడుస్తోంది. గోడకి చెమట పట్టింది. అది ఎలాగూ పట్టేదే.

తొమ్మిదో పడవ

అతనికి ఇష్టమైన పులుసు చేసి, తినేదాకా ఆగి అడిగాను. ఏం జరిగిందో, ముల్లు ఎక్కడుందో, నీళ్లలో నాకు ఏమవుతోందో మొత్తం చెప్పాను. అతను వింటూనే తిన్నాడు. తింటూనే విన్నాడు అనడం మర్యాద.

"నర్సమ్మ కాడికి రా మావా. నీ సగం నువ్వు తీసుకో. మొత్తం తీసుకోమనట్లేదు" అన్నాను.

కంచంలో వేలితో గీతలు గీశాడు. నావైపు చూడలేదు.

"నాను మానేసినోణ్ణి రత్నం. మానేసినోడు మళ్లీ దాని జోలికెల్తాడేటి? ఎల్లకూడదని నానే గదా సభలో అందరికీ సెప్తన్నాను." తర్వాత మెత్తగా అన్నాడు, "నీకైతే అలవాటైపోనాది."

చెయ్యి కడుక్కుని వచ్చి, వచ్చే సభకి నీలం చొక్కా ఉతికావా అని అడిగాడు. ఉతికాను అన్నాను. నిజంగానే ఉతికాను.

ఆ కంచం ముందు చాలాసేపు కూర్చున్నాను. అతను చెడ్డవాడు కాడు. ఎవరినీ కొట్టడు, పని ఎగ్గొట్టడు. తన బరువు తనదని ఒప్పుకోవడం అతనికి ఎవరూ నేర్పలేదు, నేను కూడా నేర్పలేదు. ఇన్నేళ్లూ గుడ్డ తెల్లగా ఆరేసి, ఆ ఇంట్లో పొగే లేదని అతన్ని కూడా నమ్మించాను.

పదో పడవ

ఈసారి సభ పెద్దది. గాలి మేస్త్రి సన్యాసిరావు కుర్చీలో కూర్చున్నాడు. ముందు వరసల్లో కొత్తగా మానేవాళ్లు, వెనక గోడ దగ్గర మేము. కొత్తగా చేరిన మోసేవాళ్లలో ఒక పిల్ల ఉంది, పెళ్లయి ఏడాది కూడా కాలేదు. మొగుడి సగం తీసుకుని వారమైందట. వేళ్లు విడదీసి బొటనవేలు తడుతోంది. ఆ పిల్లకి తను ఏం చేస్తోందో ఇంకా తెలియదు.

గౌరినాయుడు మొదలుపెట్టాడు. మనసు గట్టిగుండాలి. అప్పుడే నాకు అది వచ్చింది, నీళ్లలో వచ్చినట్టు పెద్దది. ఎప్పటిలా ఓర్చుకోబోయాను. ఆ పిల్ల కూడా పెదవులు బిగించింది. ఆ బిగించడం నాదే. నన్ను చూసే నేర్చుకున్నట్టుంది. నా లోపల ఏదో తెగింది.

"ఆ గట్టి మనసు నీది కాదు" అన్నాను.

గొంతు సన్నగా వచ్చింది. సన్యాసిరావు ఎవరా అని మెడ సాచాడు. గౌరినాయుడు నవ్వి, మా ఆడది, ఒంట్లో బాలేదు అన్నాడు. అప్పుడు వచ్చింది గొంతు.

"నాది. నువ్వు మానలేదు మావా, నాకిచ్చీసినావు. నువ్వు పులుసు తిన్నావు, నాను పళ్లు నూరుకున్నాను. పెళ్లైన కాణ్ణుంచీ నీ పసుపు నానే ఉతికీనాను. నీ సగం నువ్వు తీసుకోమంటే అలవాటైపోనాదన్నావు. నాకు అలవాటవలేదు. ఒక్క పూట కూడా అలవాటవలేదు."

ఇంకా చాలా అన్నాను, అన్నీ గుర్తు లేవు. గొంతు పగిలేదాకా అన్నాను. గుండె ఎప్పుడూ లేనట్టు కొట్టుకుంటోంది, చెవుల్లో వినపడుతోంది. అనేకొద్దీ బరువు దిగుతోంది. గదిలో వాసనలు తెలిశాయి, యంత్రాల నూనె, చెమట, దాలమ్మ లవంగాలు. ఎన్ని పడవల తర్వాతో.

గౌరినాయుడు బదులు చెప్పబోయి మధ్యలో ఆగిపోయాడు. ఏదో మర్చిపోయినవాడిలా అటూ ఇటూ చూశాడు. అతని కుడిచెయ్యి దానంతటదే లేచి నీలం చొక్కా జేబు తడుముకుంది. ఆ జేబు ఖాళీ. ఉతికింది నేనే కదా, నాకు తెలుసు.

మోసేవాళ్లంతా ఆ చేతివైపే చూస్తున్నారు.

పదకొండో పడవ

ముల్లు మధ్యకి వచ్చింది. షకీలా చూపించింది. సరిగ్గా సగం, మొదటిరోజు రాసుకున్న ఒప్పందం ప్రకారం. దాన్ని అక్కడ నిలబెట్టడానికి ఇంట్లో రోజూ గొడవ పడుతున్నాను. ఇంకా అరిస్తే మొత్తం అతనివైపు పోతుందని తెలుసు. అది నాకొద్దు. నా సగం నేను మోస్తానన్నాను, మోస్తున్నాను.

వీధి నాతో మాట్లాడటం మానేసింది. బంగారంలాంటి మొగుణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసిందట. దాలమ్మ ఒక్కతే పలకరించింది, అదీ అటూ ఇటూ చూసుకుని.

గౌరినాయుడు రెండు వారాలు తాగకుండా పట్టుకున్నాడు. అది కూడా రాయాలి, అతనికి రావాల్సిన పేరు అతనికి రావాలి. బెల్లం తిన్నాడు, చన్నీళ్లు తాగాడు, ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, నీకు ఇలగే ఉండేదేటి అని అడిగాడు. ఇంతకి రెండింతలు అన్నాను. చెయ్యి వదలలేదు. ఆ పూట మేమిద్దరం ఒక ఇంట్లో ఉన్నామనిపించింది. ఇలాగైతే బతికేస్తాం అనుకున్నాను.

శుక్రవారం కంతకున్న గుడ్డ విప్పాను. మధ్యలో గుండ్రంగా పసుపు.

అతను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను వెనక్కి తిరగలేదు.

"ఈ పాలికి తెల్లగా సేసీ రత్నం. ఇంకెప్పుడూ అడగను."

బూడిద డబ్బా నా కాలి దగ్గరే ఉంది. గుడ్డని నీళ్లలో ముంచి, మసి పోయేదాకా జాడించి, పిండి, దులిపి, రేకు బిళ్ల కింద గుమ్మానికి కట్టాను. ఆ గుడ్డ అలా కట్టడానికి నాకు ఎంత సిగ్గేసిందో, తాగినందుకు అతనికి అంత వేసుండదు.

సన్యాసిరావు వచ్చి గుడ్డ చూశాడు, పైన రేకు చూశాడు, మళ్లీ గుడ్డ చూశాడు. ఎవరు తాగారని అడిగాడు.

"అది" అన్నాడు గౌరినాయుడు, నావైపు వేలు చూపించి. "బాబూ, కోరిక దానికే ఉన్నాది. నర్సమ్మ మిసను సెప్తాది. సభలో దాని నోటితో అదే సెప్పింది గదా."

మేస్త్రి నావంక చూశాడు. నమ్మాడని నాకు అర్థమైంది. కోరిక ఉన్నది నాకే, ఊరందరి ముందూ ఒప్పుకున్నదీ నేనే. ఊదుడు గొట్టం తెమ్మన్నాను. ఎవరు తాగారో ఊపిరే చెబుతుంది, నన్ను అడగాల్సిన పనేముంది అన్నాను.

నేను ఊదాను. గొట్టంలో కాగితం తెల్లగా వచ్చింది. నా ఊపిరి ఎప్పుడూ తెల్లదే, అందులోకి పొగ ఎన్నడూ పోలేదు. తర్వాత గొట్టం అతనికిచ్చారు. చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఊదకుండానే నా చేతికి తిరిగిచ్చేశాడు. పట్టుకోమని ఇవ్వడం అలవాటు కదా.

పన్నెండో పడవ

బిళ్లలు తీసేశారు. గౌరినాయుడిది పడవ ఎక్కే ముందు, నాది ఆ తర్వాత.

రేవు దగ్గరికి నేను వెళ్లాను. వెళ్లకపోతే బాగుండదని కాదు, వెళ్లాలనిపించి వెళ్లాను. నీలం చొక్కా వేసుకున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, తిడతాడేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు. పైన ఆకాశం చాలా పెద్దదిగా ఉంటుంది కదూ అని అడిగాను. ఆశ్చర్యపోయాడు. నీకెలగ తెలుసన్నాడు. చెప్పలేదు.

తలుపు మూసే ముందు ఒక్క మాట అన్నాడు.

"నాకు బెంగ లేదు. నువ్వు గట్టిదానివి. నీకేటీ అవదు."

పడవ లేచిపోయింది. వీధి పొడుగునా గుమ్మాల్లో జనం. మొగుణ్ణి పడవెక్కించి తిరిగొస్తోంది చూడమని ఎవరో అన్నారు, వినపడేట్టే అన్నారు. మా గుమ్మం మీద రేకు అప్పటికే ఊడబీకేశారు, మేకుల కంతలు ఉన్నాయి. లోపలికి పోయి గోడలు తుడిచాను. ఒక్కదానికి టీ పెట్టుకున్నాను. టీ అయ్యాక వచ్చింది. సగమే. అయినా అది నాది కాదు, నాకు పుట్టినది కాదు. పుట్టించినవాడు సముద్రం మీద ఎక్కడో ఉన్నాడు. పైన సిగరెట్లు దొరుకుతాయి. ఈపాటికి ముట్టించే ఉంటాడు. అతని సగం అతను తాగేస్తాడు. నా సగానికి ఆ దారి కూడా లేదు.

ఇది ఎన్నాళ్లుంటుందని షకీలాని అడిగాను. ఎవరికీ తెలియదట. కొందరికి తగ్గుతుందట. మందు లేదు, వచ్చినప్పుడు రానిచ్చి పోయేదాకా ఉండటమే. దగ్గర మడుల్లో కోయడానికి ఒప్పుకున్నాను, దూరపు మడికి ఇక పంపరు. సభలు ఆపలేదు, వేరేవాళ్లు మాట్లాడుతున్నారు. మొన్నటి సభలో వెనక గోడ దగ్గర ఆ పిల్ల పెద్దగా విసుక్కుందట, దాలమ్మ చెప్పింది.

పుస్తకం తిరిగి ఇచ్చేద్దామని వెళ్తే, షకీలా అలవాటుగా పెన్ను తీసి, కాగితం మీంచి చూపు ఎత్తకుండానే ఎలా ఉంది రత్నమ్మా అని అడిగింది. జవాబు వినకముందే చెయ్యి రాయడానికి కదిలింది.

"బాగాలేదు" అన్నాను.

ఆవిడ పెన్ను ఆపింది. లేచి తలుపు వేసి వచ్చి, నాకు కుర్చీ జరిపింది.